ఇద్దరు అల్బరాన్లు

డెబ్బైల నడిమి రోజుల్లో నేను మస్కట్ దగ్గర అజైబాలో ఒక రోడ్ల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. కంపెనీ అంటే పెద్దగా ఊహించుకోవద్దు. రేకుల షెడ్లు, పగలూ రాత్రీ మొత్తుకునే జనరేటరు, సముద్రం మీంచి వచ్చి గీతల కాగితాలను తడిపేసే ఉప్పుగాలి. ఒమన్ అప్పుడే రోడ్లూ ఆసుపత్రులూ బడులూ కట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ పనికి ఏ దేశం మనిషైనా వచ్చి వాలేవాడు. నేను కరీంనగర్ వైపు నుంచి వచ్చి వాలాను.

అక్కడ నన్ను మొదట పలకరించిన తెలుగువాడు మా స్టోర్‌కీపర్. గుంటూరు వైపు పెద్దమనిషి. పేరు అడగకముందే ఇంటిపేరు అడిగాడు.

"ఏమయ్యా, మీ ఇంటిపేరేంటి?"

"పాస్‌పోర్ట్‌ల రాయలే సార్. మా నాయన పేరే రాసిండ్రు."

"పాస్‌పోర్ట్ సంగతి ఎవరడిగారయ్యా? ఊళ్లో మిమ్మల్ని ఏమంటారు?"

"ఊళ్లె పేరు పెట్టే పిలుస్తరు సార్."

మనవాళ్లు ఇంటిపేరు ఎందుకడుగుతారో నాకు తెలుసు. పక్కన కూర్చోబెట్టుకుని తినొచ్చా, కాస్త ఎడంగా కూర్చుంటే మేలా అని తేల్చుకోవడానికి. అరేబియా సముద్రం దాటొచ్చినా ఆ లెక్క తేలందే ఆయనకు ముద్ద దిగేది కాదు. నేను చెప్పలేదు. నన్ను ఏ గూట్లో పెట్టాలో తెలియక ఆయన ఒకరోజు 'మీరు' అనీ, ఇంకోరోజు 'నువ్వు' అనీ చాలా ఇబ్బంది పడ్డాడు.

అలాంటి చోటికి స్పెయిన్ నుంచి ఒక ఇంజనీరు వచ్చాడు. పొడుగ్గా, సన్నగా ఉండేవాడు. ఎండ తగిలితే వంకాయలా కమిలిపోయేవాడు. చిటికెన వేలికి వెండి ఉంగరం, దాని మీద చెక్కిన చిన్న బురుజు. చెయ్యి కలిపితే ఆ ఉంగరం మన కళ్లకు కనపడేదాకా వదిలేవాడు కాదు.

"అల్బరాన్," అన్నాడు మొదటి రోజు, నాతో చెయ్యి కలుపుతూ. "చాలా అరుదైన ఇంటిపేరు. మా దేశం మొత్తంలో ఒక్క లోయలోనే ఉంది. అందులోనూ అసలైనవాళ్లం మేమే."

నేను మర్యాదకు తల ఊపాను. అది పొరపాటైంది. ఊపిన ప్రతి తలకూ ఆయన కథంతా చెప్పేవాడు. పూర్వం ఒక కోట ఉండేదట. ఆ కోట గోడకు అవతల, విడిగా ఒక బురుజు. శత్రువులు వచ్చినప్పుడు ఈయన పూర్వీకుడు ఒక్కడే ఆ బురుజులో నిలబడి పోరాడాడట. రాజు మెచ్చి బురుజు పేరే ఇంటిపేరుగా ఇచ్చాడట. ఆ శత్రువులెవరయ్యా అంటే అరబ్బులు. ఈ కథను ఆయన అరబ్బుల దేశంలో, అరబ్బుల జీతం తింటూ, అరబ్బుల ఖర్జూరాలు నములుతూ చెప్పేవాడు.

స్టోర్‌కీపర్ మాత్రం మురిసిపోయాడు. "వంశమంటే అదయ్యా! క్షత్రియుడే, అనుమానం లేదు. ఆ ముక్కు చూడు," అని స్టోరులో ఉన్న కొత్త టేబుల్ ఫ్యాన్ తీసుకెళ్లి స్వయంగా ఆయన గదిలో పెట్టి వచ్చాడు. నేను అదే ఫ్యాన్ అడిగినప్పుడు దానికి వైరు లేదన్నాడు.

కొన్నాళ్లకు మా పని చూడటానికి రోడ్ల శాఖ నుంచి ఒక ఒమానీ అధికారి వచ్చాడు. ఆయన పుట్టిందీ పెరిగిందీ ఆఫ్రికా తీరాన ఉన్న జాంజిబార్ దీవిలో. అక్కడ గొడవలు జరిగితే సొంత దేశానికి తిరిగొచ్చిన కుటుంబం. ఇంగ్లీషు మా మేనేజరు కంటే బాగా మాట్లాడేవాడు. మా మేనేజరు ఇంగ్లీషువాడే.

ఇంజనీరు చెయ్యి కలిపి, ఉంగరం చూపించి, కథ ఎత్తుకున్నాడు. శత్రువులు ఎవరన్న చోట మాత్రం కొంచెం దగ్గాడు. అధికారి అంతా విని, "మీ పేరు మళ్లీ ఒకసారి చెప్పండి," అన్నాడు.

"అల్బరాన్."

"అల్ బర్రానీ!" అధికారి ముఖం వెలిగిపోయింది. "ఇది మా మాటే కదా. బర్రానీ అంటే బయటివాడు. పరాయివాడు."

"లేదు, లేదు. బురుజు అని అర్థం. కోటకు చెందిన బురుజు."

"గోడకు బయట ఉంది కాబట్టి ఆ బురుజుకు ఆ పేరు వచ్చి ఉంటుంది," అన్నాడు అధికారి చాలా నెమ్మదిగా. "బయట ఉంటే రాయిని కూడా మేం అదే మాట అంటాం. జాంజిబార్లో వాళ్లు నన్ను పరాయివాడన్నారు. ఇక్కడికొస్తే నా అరబ్బీ యాస విని మావాళ్లూ అదే అంటున్నారు. అంటే మనం చుట్టాలమే. రండి, కాఫీ తాగుదాం."

ఇంజనీరు కాఫీ తాగాడు. తాగినంతసేపూ ఉంగరమున్న చెయ్యి జేబులోనే పెట్టుకున్నాడు. అధికారి వెళ్లిపోయాక నాతో, "భాషల సంగతి తెలియనివాళ్లు ఇలాగే ఏదో ఒకటి అంటారు," అన్నాడు. అరబ్బీ సంగతి అరబ్బుకు తెలియదని నాకు ఆరోజే తెలిసింది.

ఆ దెబ్బ నుంచి ఆయన తేరుకుంటూ ఉండగా మనీలా నుంచి కొత్త సర్వేయరు దిగాడు. పొట్టిగా, చురుగ్గా, ఎప్పుడూ ఏదో పాట కూనిరాగం తీస్తూ ఉండే మనిషి. సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీ ఉంది. అయినా కంపెనీ అతణ్ణి సర్వేయరుగానే తీసుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు, మా అందరికీ తెలుసు కాబట్టి. ఆఫీసులో ఒక్కొక్కరినీ పరిచయం చేసుకుంటూ ఇంజనీరు బల్ల దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

"అల్బరాన్," అన్నాడు.

"అవును, నేనే. చెప్పండి," అన్నాడు ఇంజనీరు.

"నా పేరండీ. నా ఇంటిపేరు అల్బరాన్."

ఆఫీసంతా పెన్సిళ్లు ఆగిపోయాయి. ఇంజనీరు ముఖం ఎండ తగలకుండానే కమిలింది.

"ఆ పేరు నీకెక్కడిది?"

"మీవాళ్లే ఇచ్చారు," అన్నాడు సర్వేయరు, ఏ కల్మషం లేకుండా. "మా దీవులు మీ చేతిలో ఉన్న రోజుల్లో, మాకు సరైన ఇంటిపేర్లు లేవనీ, పన్నులు వసూలు చేయడం కష్టంగా ఉందనీ మీ గవర్నరు స్పెయిన్ పేర్లు తెప్పించి ఊరూరా పంచిపెట్టాడట. మా తాతల ఊరికి 'అ'తో మొదలయ్యే పేర్లు వచ్చాయి. మా వీధిలో సగంమంది అల్బరాన్లే. మా మంగలి కూడా."

"ఇది కుదరదు. ఒకే ఆఫీసులో ఇద్దరు అల్బరాన్లు ఉండటానికి వీల్లేదు."

"మీ సరుకే కదా. కావాలంటే వెనక్కి తీసుకోండి," అని నవ్వి, సర్వేయరు తన బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

ఎక్కువ కష్టం కలిగింది మా స్టోర్‌కీపర్‌కు. సాయంత్రం నా దగ్గరికి వచ్చి కూలబడ్డాడు. "ఇంటిపేర్లు రేషన్లో పంచడమేంటయ్యా? కిరసనాయిలా? అట్లా పంచేస్తే ఎవడెవడో ఎట్లా తెలుస్తుంది?"

"తెల్వకపోతే ఏమైతది సార్?" అన్నాను.

ఆయన నన్ను జాలిగా చూశాడు. ఆరోజు 'నువ్వు' రోజు.

మేనేజరు చిక్కు విప్పాడు. స్పెయిన్ మనిషి అల్బరాన్. మనీలా మనిషి 'ఇంకో అల్బరాన్'. అలా పిలిస్తే సర్వేయరు పలికేవాడు. పాట మాత్రం ఒక్క క్షణం ఆపేవాడు.

ఆ చలికాలంలో ఒకరోజు పొద్దున కొండల మీద మబ్బు పట్టింది. అక్కడి వాగులను వాదీలంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు రాళ్లు తప్ప ఏమీ ఉండవు. ఎక్కడో కొండల్లో వాన పడితే మాత్రం, మన నెత్తిన చుక్క పడకపోయినా, గోడలా నీళ్లొస్తాయి. ఆరోజు ఇంజనీరుకు మవాలే వైపు పని, సర్వేయరుకు బౌషర్ వైపు పని అని బోర్డు మీద రాసి ఉంది. బౌషర్ సైట్ నుంచి పొద్దున్నే వైర్‌లెస్‌లో కబురు వచ్చింది. అల్బరాన్ బండి వాదీలో చిక్కుకుంది, నీళ్లు పెరుగుతున్నాయి, తాళ్లు పంపండి.

మేనేజరు బోర్డు వైపు చూశాడు. "బౌషర్. అంటే ఇంకో అల్బరాన్," అని ఊపిరి తేలిగ్గా వదిలాడు. "దీవుల మనిషి, నీళ్లు అలవాటే. అల్బరాన్‌ను మవాలే నుంచి తిరిగి రానివ్వండి. భోజనాలయ్యాక ఆ బండిని పంపుదాం."

షెడ్డు బయట రెండు ల్యాండ్‌రోవర్లు ఖాళీగా ఉన్నాయి. వాటి డ్రైవరు కడప సాయిబు. నాతో తెలుగే మాట్లాడేవాడు.

"అన్నా, వాదీ నీళ్లతో ఆటలు కాదన్నా. మనిషి కొట్టుకపోతే మల్ల సముద్రంలో యాడని ఎతుకుతాం? ఆ దొరకు చెప్పన్నా, నేను పోయి ఇట్లే తెస్తా."

నేను లోపలికి వెళ్లి చెప్పాను. మేనేజరు తల ఎత్తకుండా, "నీ గీతలు అయిపోయాయా?" అన్నాడు. కాలేదు. బల్ల దగ్గరికి తిరిగి వెళ్లాను గానీ గీత ఒక్కటీ తిన్నగా పడలేదు. కిటికీలోంచి చూస్తే డ్రైవరు బండి అద్దాన్ని తుడిచిందే తుడుస్తున్నాడు.

భోజనాల వేళ అయింది. మెస్‌లో అందరం కూర్చున్నాం. మేనేజరు సూపు తాగుతున్నాడు. తలుపు తెరుచుకుని సర్వేయరు వచ్చాడు. బట్టల నిండా దుమ్ము, పెదవుల మీద పాట. పళ్లెం తీసుకుని అన్నం పెట్టుకోవడం మొదలుపెట్టాడు.

మేనేజరు చెంచా గాల్లోనే ఆగిపోయింది. "నువ్వు వాదీలో లేవా?"

"నేను మవాలే నుంచి వస్తున్నాను కదా. పొద్దున అల్బరాన్ గారు సైట్లు మార్చుకుందామన్నారు. బౌషర్ అవతల ఏదో పాత మట్టి బురుజు ఉందట, ఫోటో తీసి ఇంటికి పంపుకోవాలట."

ఆ మరుక్షణం మా కంపెనీలో చూసిన వేగం నేను మళ్లీ ఎప్పుడూ చూడలేదు. మేనేజరు కుర్చీ తన్నుకుంటూ లేచాడు. రెండు బండ్లూ కదిలాయి. దుప్పట్లు వచ్చాయి, బ్రాందీ సీసా వచ్చింది, ఆసుపత్రికి కబురు వెళ్లింది. సంతకం లేనిదే మేకు ఇవ్వని మా స్టోర్‌కీపర్ కొత్త తాడు చుట్టలు భుజాన వేసుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు. సర్వేయరు అన్నం పళ్లెం అక్కడే వదిలేసి బండెక్కాడు. నేనూ ఎక్కాను.

మేం వెళ్లేసరికి వాదీ ఎర్రగా పొంగుతోంది. నడి నీళ్లలో ల్యాండ్‌రోవర్ ఒక పక్కకు ఒరిగి ఉంది. దాని కప్పు మీద మోకాళ్లు మునగదీసుకుని మా ఇంజనీరు, మెడలో కెమెరా, కాళ్లకు బూట్లు లేవు. ఒడ్డున బౌషర్ రైతులు నిలబడి ధైర్యం చెబుతున్నారు. చేతికందిన తాళ్లన్నీ విసిరి చూశారట, ఏదీ అంతదూరం చేరలేదట.

డ్రైవరు మా బండికి తాడు కట్టాడు. రెండో కొస సర్వేయరు తన నడుముకు కట్టుకున్నాడు. మేనేజరు వద్దని గానీ కానీమని గానీ అనలేదు. సర్వేయరు ఛాతీలోతు నీళ్లలో పడుతూ లేస్తూ వెళ్లి, కప్పు మీది మనిషిని వీపున ఎక్కించుకున్నాడు. మేమూ రైతులూ కలిసి తాడు లాగాం. ఒడ్డుకు వచ్చాక ఇద్దరూ బురదలో వెల్లకిలా పడిపోయారు. ఎవరు ఏ అల్బరానో చెప్పడం కొంచెంసేపు కష్టమైంది.

తిరిగి వచ్చేటప్పుడు మేనేజరు ముందు సీట్లో, మేం ముగ్గురం వెనక కూర్చున్నాం. ఇంజనీరు దుప్పటి కప్పుకుని వణుకుతున్నాడు.

"పొద్దున్నే కబురు పంపమన్నాను. అందలేదా?" అన్నాడు.

మేనేజరు కిటికీలోంచి బయటి రాళ్లను చాలా శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"అందింది," అన్నాడు చివరికి సర్వేయరు. "మీరని తెలియలేదు. నేననుకున్నారు."

ఇంజనీరుకు అర్థం కావడానికి కొంత దూరం పట్టింది. అర్థమయ్యాక మేనేజరు మెడ వెనక భాగం వైపు చాలాసేపు చూశాడు. తర్వాత ఎవరినీ ఉద్దేశించకుండా, "మా తాత ఇంకొకరి గొర్రెలు కాసేవాడు," అన్నాడు. "మా వైపు అలాంటి జీతగాణ్ణి అల్బరాన్ అనే అంటారు. ఉంగరం మా నాన్న పట్నంలో చేయించాడు."

సర్వేయరు పగలబడి నవ్వాడు. ఇంజనీరుకు కోపం వస్తుందనుకున్నాను. ఆయన బ్రాందీ సీసా తీసి, ముందు అతనికిచ్చాడు.

ఇంతటితో ఆయన మారిపోయాడని రాయాలని నాకూ ఉంది. మర్నాడే మేనేజరు దగ్గరికెళ్లి, ఇలాంటి పొరపాటు మళ్లీ జరగకుండా తన పేరు చివర తల్లివైపు ఇంటిపేరు కూడా చేర్చాలని పట్టుబట్టాడు. వాళ్ల దేశంలో రెండూ పెట్టుకుంటారట. ఆ రెండో పేరు గార్సియా. మా స్టోర్‌కీపర్‌కు మళ్లీ ఆశ పుట్టి, అదెలాంటి వంశమో కనుక్కోమని నన్ను పంపాడు. నేను సర్వేయరునడిగాను.

"గార్సియాలా? స్పెయిన్‌లో ఏ వీధికెళ్లినా వాళ్లే," అన్నాడు. "మా అమ్మవాళ్లూ గార్సియాలే."

మేనేజరు గురించి ఎవరూ ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఏడాది తిరగకుండా ఆయన ఇంకా పెద్ద మేనేజరయ్యాడు. ఇంజనీరు మాత్రం ఆ తర్వాత మెస్‌లో సర్వేయరు పక్కనే కూర్చుని తినేవాడు. ఇద్దరూ పేకాడేవారు, పోట్లాడుకునేవారు. కాంట్రాక్టు అయిపోయి ఆయన వెళ్లిపోయిన రోజు సీబ్ విమానాశ్రయానికి మా డ్రైవరే తీసుకెళ్లాడు, సర్వేయరు సాగనంపడానికి వెళ్లాడు. మరుసటి వారం నుంచి ఇంజనీరు పనంతా సర్వేయరుకు అప్పజెప్పారు, గదితో సహా. గది తలుపు మీద పేరు మార్చాల్సిన అవసరం లేనందుకు ఆఫీసు చాలా సంతోషించింది. ఆ పేరు కింద 'ఇంజనీరు' అన్న మాట మీద మాత్రం ఒక మనిషిని పంపించి, శ్రద్ధగా తెల్లరంగు పూయించారు.