మా నాయన తల తూర్పుకుండాది

మా నాయనకు దిక్కులు తెలీవు. ఊరికే అనే మాట గాదిది. పుంగనూరు బస్టాండులో దిగి, యేండ్ల తరబడి ఉంటాండే మా ఇంటికి పొయ్యేదానికి గూడా కొంచేపు నిలబడి ఆలోచన జేసేవాడు. చేసేదేమో చర్చి సంఘంలో ఉపదేశి పని. పాస్టరు అయ్యగారు పోలేని పల్లెలకు పొయ్యి వాక్యం చెప్పి రావాల. పెద్దపంజాణి పక్క ఒక పల్లెకని బయలుదేరి ఇంకో పల్లెలో తేలి, దేవుడు ఈడికే పంపించినాడులే అని ఆడనే ప్రార్థన పెట్టి వచ్చిన మనిషి. మాయమ్మ పుట్టినూరు కుప్పం. ఒకసారి ఆడ బెంగుళూరు బండెక్కాల్సింది మద్రాసు బండెక్కి జోలార్‌పేటలో దిగినాడు. మాయమ్మ తమ్ముడు, అంటే మా మామ, ఆ సంగతి ఇంటికొచ్చిన ప్రతి సుట్టానికీ చెప్పి పొట్ట పట్టుకుని నవ్వేవాడు. నాయన గూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు.

మాయమ్మ మిషను బళ్లో టీచరు. సెలవు దినాల్లో ఆమె గూడా ఆయనెంబడి పొయ్యేది. బస్సు దిగంగానే ఆయన ఒక పక్కకు నడస్తాడు, ఆమె వెనకనించి మోచెయ్యి పట్టుకుని "ఈపక్కయ్యా, ఈపక్క" అని తిప్పుతుంది. నాయన సాధు ఎద్దు మాదిరి తిరిగేవాడు. ఒక్కసారన్నా విసుక్కున్న్యాడా అంటే, లేదు. ఆ గుణం నాకు రాలేదు. నాకు ముక్కు మీదనే కోపం, అదంతా మాయమ్మ పక్కనించి వచ్చిందని ఆయనే అనేవాడు.

తొంభైల్లో ఒక వానకాలం, మదనపల్లె ఆస్పత్రిలో నాయన పోయినాడు. పుంగనూరికి తెచ్చినాము. మాలో మట్టి జేసేదానికి ఒక పద్ధతుండాది. తల పడమరకు, కాళ్లు తూర్పుకు పెడతారు. ప్రభువు మళ్లీ వచ్చేటప్పుడు తూర్పున పుట్టే మెరుపు మాదిరి వస్తాడని ముందే చెప్పుండారు గదా. ఆ దినం బూర ఊదితే, లేసి కూసున్నోళ్లకు ఎదురుగ్గా ఆయన ముఖమే కనపడాల. సిన్నప్పుడు సమాధుల తోటలో భయపడతామని మాకు ఇదే చెప్పి ధైర్యం నేర్పించినారు. వీళ్లు సావలేదు పాపా, తూర్పుకు తిరిగి పండుకోనుండారు అంతే, అని.

ఆ దినం వాన దంచి కొడతాంది. వడ్లాయన తొందర్లో చేసిన పెట్టె, రెండు కొసలూ ఒకే వెడల్పు. తల పక్క మూతకు అంటించిన కాగితం సిలువ వాన్లో తడిసి యాడనో ఊడిపోయింది. మూత పలకకు తల పక్కన, చెక్కలోనే పడిన కోడిగుడ్డంత నల్లముడి ఒకటుండాది. ఇంట్లో ఉన్నంతసేపూ మాయమ్మ ఆ ముడి మీదనే చెయ్యి పెట్టుకుని కూసోనుండె. దాని కిందనే ఆయన నొసలు.

మూడో దినం పొద్దున పూలు తీసుకుని సమాధికి పోయినాము. తల ఆడనే ఉండాదనుకుని పడమర పక్క చెక్క సిలువ నాటుండారు. మాయమ్మ పూలు పెట్టకుండా అట్లే నిలబడి పాయె. గుంతలోకి దించినంక ఆ ముడి తూర్పు పక్కన సూసినాను, ఆ దుఃఖంలో అదేమో అర్థం గాలేదు అనింది. అంటే నాయన తల తూర్పుకు పడింది. పెట్టెకు ముందు పక్క భుజమిచ్చింది మా మామ. ఆయన తల వంచుకుని, గేటు దాటినంక దోవ మలుపులో బురదకు కాలు జారిందనీ, పెట్టె కిందకి దించి మళ్లీ ఎత్తుకున్న్యామనీ, అప్పుడే తిరిగిపొయ్యుంటుందనీ చెప్పినాడు. నాకు తిక్క లేసింది. జోలార్‌పేట అని అంత నవ్వితివే, కడసారి ప్రయాణంలో నువ్వు జేసిన ఘనకార్యమిదా అని సమాధుల మధ్యనే మామను కడిగేసినాను.

మాయమ్మ భయం ఒకటే. అందురూ ప్రభువును సూస్తా లేస్తారు, ఈయనొక్కడు పడమరనుండే చింతతోపు పక్కకు లేసి, ఆపక్కకే నడిసి పోతాడేమో అని. సమాధి తెరిపించమని అయ్యగారిని అడిగింది. మంచి మనిషాయన. మట్టికిచ్చిన దేహాన్ని మళ్లీ కదిలించకూడదమ్మా, ప్రభువు దిక్కులు సూస్తాడా, తనోళ్లు యాడున్న్యా ఆయనకు తెలీదా అని నెమ్మదిగా చెప్పినాడు.

"ప్రభువుకు తెలుస్తుందయ్యగారూ, ఈయనకే తెలీదు" అనింది మాయమ్మ.

సమాధి మాత్రం తెరిపించలేదు.

ఆ పొద్దునించి ప్రతి ఈస్టరుకూ ఇదే తంతు. తెల్లారుజామున సంఘమంతా సమాధుల తోటకు పోతాము. సమాధుల మీద కొవ్వొత్తులు ముట్టించి, తూర్పుకు తిరిగి పాటలు పాడతాము. ఆమె మాత్రం నాయన కాళ్లుండే పడమర పక్క నిలబడుకుని, ఆయనకెదురుగ్గా పాడేది. వెనక నిలబడినోళ్లకు ఆమె ముఖం కనపడేది గాదు, నేను మాత్రం పక్కకు పొయ్యి సూసేదాన్ని. ఏడ్సేది గాదు. బస్టాండులో ఆయన యాపక్కకు నడస్తాడో అని సూసినట్టే సూసేది.

రెండువేల సంవత్సరం దాటినంక ఒక ఈస్టరు నాడు, తోటలోనించి ఇంటికొచ్చి కాఫీ తాగతా తాగతా, తాను పోయినంక తన పెట్టె గూడా నాయన పక్కన ఆయన మాదిరే పెట్టాల అని చెప్పింది మాయమ్మ. తల తూర్పుకు, కాళ్లు పడమరకు. జీవితమంతా ఆమె ఆశ పెట్టుకునింది ప్రభువు ముఖం మీదనే. ఆ దినం మిమ్మల్ని గూడా తర్వాతనే సూస్తాను, ముందు ఆయన్నే అని సిన్నప్పుడు మాతో అంటే మేము అలిగేవాళ్లం గూడా. అట్లాంటి మనిషి కావాలని ప్రభువుకు వీపు దిప్పి పండుకుంటాననేది యేం న్యాయం? నేను నోటికొచ్చినట్టు అరిసినాను. మాయమ్మ లోటా కింద పెట్టి నా పక్క సూసింది.

"ఆయన లేసినప్పుడు మోచెయ్యి పట్టుకునేదానికి యెవురో ఒకరు ఆడ ఉండాల గదమ్మా."

నాకు ఏడుపు ఆగలేదు. అయినా ఊరుకోలేదు, అయ్యగారినే పిలిపించినాను. ఆయనైతే వద్దంటాడని నా నమ్మకం. ఆయనకూ అప్పటికి జుట్టు తెల్లబడి పొయ్యుండాది. వసారాలో కూసుని అంతా ఇన్న్యాడు. నేను ఆయన నోటి పక్కే సూస్తాండాను. ఆఖరికి, ప్రభువు మన తప్పుల్ని తన మీద వేసుకుంటాడనీ, నేరం చేసినోళ్ల మధ్యన ఒకడుగా ఉంటాడనీ పాతకాలం ప్రవక్త ముందే చెప్పింది గుర్తు జేసినాడు. అది మాకు నోటికొచ్చిన పాఠమే, ప్రతి శుభశుక్రవారం, అదే గుడ్‌ఫ్రైడే నాడు, వింటాండేదే.

"ఆయన జేసిందీ ఇదే గదమ్మా. మనం వీపు దిప్పి పండుకోనుంటే, వచ్చి మన పక్కన పండుకున్న్యాడు. మనల్ని తీసుకుని లేసినాడు" అన్న్యాడు, నాతో. మాయమ్మతో గాదు.

సిలువ అంటే యాడనో ఒక కొండ మీద ప్రభువుకు జరిగిన అన్యాయం అనే అనుకుంటా పెరిగినాను. అది ఒకరి కోసం వాళ్లుండే పక్కకు పొయ్యి పండుకునేది అని ఆ వసారాలో తెలిసింది నాకు. అంత వాక్యం ఇన్న్యా, దాన్ని మా ఇంట్లో మాయమ్మ చేస్తానంటేనే గాని నాకు ఎక్కలేదు. మాయమ్మకు ఇవేమీ పట్టలేదు. అయ్యగారికి ఇంకొంచెం కాఫీ పోయమని నన్ను అదిలించింది.

కొన్ని యేండ్లకు, ఎండాకాలంలో, ఇంట్లోనే, నిద్రలోనే మాయమ్మ పోయింది. మామ కుప్పంనించి మొదటి బస్సుకే వచ్చినాడు. మోకాళ్లు అరిగి సరిగ్గా నడవలేని మనిషి, ముందు భుజం నాదే అని పట్టు బట్టినాడు. వద్దు మామా పడిపోతావు అంటే ఇనలేదు. నాకూ ఆ దినం గట్టిగా అరిసే శక్తి లేదు.

గేటు దాటినాము. దోవ ఎండిపొయ్యి గట్టిగా ఉండాది, బురద లేదు, వాన లేదు. అదే మలుపు కాడికి వచ్చేసరికి మామ ఆగినాడు.

"ఈడ దించండప్పా. తిప్పాల" అన్న్యాడు.

పెట్టె మోస్తాండే పిల్లోళ్లకు అర్థం గాక అయ్యగారి పక్క సూసినారు. ఆయన తలూపినాడు. పెట్టె దించి, తల పక్కకు కాళ్లు, కాళ్ల పక్కకు తల వచ్చేటట్టు తిప్పి మళ్లీ ఎత్తుకున్న్యారు. నాయన పక్కన తవ్విన గుంతలోకి తాళ్లు పట్టి దించినారు. అందురూ మట్టి వేసేదానికి ముందుకొస్తాంటే మామ చెయ్యి అడ్డం పెట్టి ఆపినాడు. నా భుజం పట్టుకుని గుంతలోకి వంగినాడు.

"ఈసారి సరిగ్గా పెట్టినానా అక్కా?" అని అడిగినాడు.