సరిహద్దు ఇసుకలో మేము తీసిన గోతులు

పోయిన నెల ముత్తుకూరులో మా తమ్ముడి కూతురు కొత్త ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే వెళ్ళాను. భోజనాలయ్యాక షామియానా కింద కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. అంతలో ఒకరి ఫోను చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. అందులో ఎక్కడో జరుగుతున్న యుద్ధం. చచ్చి పడి ఉన్న ఒక సైనికుడి మొహం మీద బూటుకాలు పెట్టి కొందరు పగలబడి నవ్వుతున్నారు, ఒకడు ఆ శవం చెయ్యి పైకెత్తి సెల్యూట్ కొట్టిస్తున్నాడు. ఎవరు ఎవరిని చంపారో ఆ ఫోను గలవాడికే తెలియదు, అయినా అతనూ నవ్వుతున్నాడు. కుర్రకారు నవ్వితే తెలియనితనం అనుకుందును. నవ్వినవాళ్ళలో సగం మంది మన ఈడు వాళ్ళే. నాకు ఒళ్ళు మండిపోయి గట్టిగానే తిట్టాను. "శత్రువే గదా బావా, నీకెందుకంత కోపం?" అన్నాడు మా మేనమామ కొడుకు. తాంబూలం కూడా తీసుకోకుండా లేచి వచ్చేశాను. అతనికి అక్కడ చెప్పలేకపోయిన జవాబు ఇది.

వాకాడు దగ్గర మాకున్న కాస్త మాగాణి ఇంటిల్లిపాదికీ చాలక, మీసాలు సరిగ్గా రాకముందే నేను పటాలంలో చేరాను. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, అప్పటికే అక్కడ ఉన్నాడు. అదృష్టమో ఏమో, ఇద్దరం ఒకే దళంలో పడ్డాం. ఇంటి నుంచి ఎండురొయ్యల పొడి వస్తే దళమంతటికీ పంచిపెట్టి, ఖాళీ డబ్బా నా ముందు బోర్లించి నవ్వే మనిషి ఆయన.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది. సరిహద్దులో ఒక ఇసుకదిబ్బను పట్టుకోమని మమ్మల్ని పంపారు. మొదటిసారి వెనక్కి రావలసి వచ్చింది, అన్న రాలేదు. దిబ్బకు అవతల, వాళ్ళ వైపు పడిపోయాడని చూసినవాళ్ళు చెప్పారు. రెండోసారి దిబ్బ మాదయింది. పైకెక్కి చూస్తే వాళ్ళ మనుషులు ఎక్కడివాళ్ళక్కడ చచ్చి పడి ఉన్నారు. మాలో ఒకడు ఒక శవం నోట్లో బీడీ పెట్టి పక్కన కూర్చుని ఫొటో తియ్యమన్నాడు. ఇంకొకడు కెమెరా ఎత్తాడు.

మా సుబేదారుది చిత్తూరు వైపు, గట్టిగా మాట్లాడే అలవాటు లేని మనిషి. వచ్చి ఆ కెమెరా తీసుకుని, లోపలి రీలు బయటకు లాగి ఎండలో పారేశాడు.

"వాడి డ్యూటీ అయిపొయ్యింది. ఇంక వాడు పీనుగే, శత్రువు గాదు. పారలు తెండి" అన్నాడు.

చేతులు బొబ్బలెక్కేలా గోతులు తీశాం. చచ్చిపోయినవాళ్ళు ముసల్మానులు. నాయుడుపేట దగ్గరి సాయిబు ఒకాయన మా దళంలో ఉంటే, తల ఎటు పెట్టాలో ఆయన్నే అడిగాం. ఆయన ప్రార్థన చదువుతుంటే అందరం టోపీలు తీసి నిలబడ్డాం. మనవాళ్ళకు వాళ్ళు ఇట్లా చేస్తారా సాబ్ అని ఎవరో గొణిగితే, "అది వాళ్ళనడగాల. నేను జవాబు చెప్పాల్సింది నా పటాలానికి" అన్నాడు సుబేదారు.

వాళ్ళు ఏం చేశారో కాల్పులు ఆగాక తెలిసింది. తెల్లజెండాలు పట్టుకుని శవాలు తెచ్చి అప్పగించారు. అన్న ఒంటి మీద బట్ట లేదు, చెవులు లేవు. అవి పోరులో తగిలిన గాయాలు కావని చూసినవాడెవడైనా చెప్పగలడు. ప్రాణం పోయిన మనిషికి తీరిగ్గా కూర్చుని చేసిన పని అది. ఇన్నేళ్ళయినా ఆ చేతుల మీద నాకు కోపం చల్లారలేదు, చల్లారాలనీ లేదు.

మావాళ్ళు పారలు అందుకున్నారు. పూడ్చినవాళ్ళను పైకి తీసి బదులు తీర్చాలని వాళ్ళ పట్టుదల. సుబేదారు గోతులకు అడ్డంగా నిలబడ్డాడు గానీ ఎవరూ ఆయన వైపు చూడటం లేదు, అందరూ నా వైపే చూస్తున్నారు. "పోయింది నీ అన్న. నువ్వు జెప్పు" అన్నాడు ముందున్నవాడు.

నేను అన్న పక్కన కూర్చున్నాను. "మా అన్న పేరు జెప్పి ఆ పని జెయ్యొద్దండి. ముందు ఆయన మొహం గడగాల. నీళ్ళు తెండి" అన్నాను.

అతను పార కింద పడేసి, అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆ ఎడారిలో నీళ్ళు కొలిచి ఇచ్చేవాళ్ళు. అయినా ఒక్కొక్కరే తమ తాగే నీళ్ళ సీసా తెచ్చి నా పక్కన పెట్టి వెళ్ళారు. ఆ నీళ్ళతోనే అన్నకు స్నానం చేయించి, అక్కడే దహనం చేశాం.

సెలవు దొరికి ఊరికి వచ్చేసరికి చెవుల సంగతి నాకంటే ముందే ఊరు చేరింది. ఎవరో పుణ్యాత్ములు పెద్దమ్మకు చెప్పేశారు. ఆమె ఏడవలేదు. "మొహం కడిగినారా నాయనా?" అని అడిగింది.

"కడిగినాము పెద్దమ్మా. నేనే కడిగినా."

"మరి వాళ్ళ పీనుగుల్ని మీరేం జేసినారు?"

"పూడ్చినాము. వాళ్ళ పద్ధతి ప్రకారమే పూడ్చినాము."

పెద్దమ్మ కొంగు దోపుకుంటూ లేచి, "లెయ్, బువ్వ పెడతా" అని లోపలికి వెళ్ళింది. ఆ సంగతి మళ్ళీ మా ఇంట్లో ఎవరం ఎత్తలేదు.

కొడుకు చెవులు కోసినవాళ్ళ మీద ఆ తల్లికి ఉండవలసిన కోపంలో పిసరంత కూడా ఈ నవ్వేవాళ్ళకు ఎవరి మీదా లేదు. తుపాకి చప్పుడు వినలేదు, ఎవరినీ పోగొట్టుకోలేదు, ఎవరి పీనుగో కాలి కింద నలుగుతుంటే వక్క నములుతూ చూస్తున్నారు. మన చిన్నతనంలో వీధిలో శవం పోతుంటే, ఆ ఇంటితో గట్టు తగాదా ఉన్నవాడు కూడా అరుగు దిగి, చెప్పులు విడిచి నిలబడేవాడు కదా. మొన్న మా వీధిలో ఒక శవం పోతుంటే నేనూ అలాగే నిలబడ్డాను. పక్క ఇంటాయన, నాకంటే పెద్దవాడే, చెప్పులతోనే అరుగు మీద నిలబడి ఫోను పైకెత్తాడు. కొంచెం జరగండి, అడ్డం వస్తున్నారు అన్నాడు నాతో.