సహజంగా లేని జమీందారు

మీసాలు ఇంకా సరిగ్గా మొలవని ఆ వయసులో నేను రెండు విషయాల్లో ఎవరు నవ్వినా సహించేవాణ్ణి కాదు. ఒకటి మా వంశం, రెండోది అనిమే. వంశం అంటే అప్పటికి పేరు తప్ప ఏమీ మిగలని జమీందారీ (దివాణంలో ఎవరో ఎరువుల దుకాణం పెట్టుకున్నారు, మేము మాత్రం దాన్ని దివాణమనే అనేవాళ్ళం). ఇక అనిమేని జపాను కార్టూన్లు అన్నవాళ్ళతో మాటలు మానేసేవాణ్ణి. ఢిల్లీలో అనిమే, గేముల అభిమానులకు పెద్ద మేళా జరుగుతుందని, నేను ఏళ్ళుగా ఎదురుచూస్తున్న గేమును విడుదలకు ముందే అక్కడ ఆడనిస్తారని తెలియగానే రైలెక్కాను. కటవారియా సరాయ్‌లో గది తీసుకుని సివిల్స్‌కు చదువుతున్న మా పెదనాన్నగారి అబ్బాయి దగ్గర దిగాను.

మేళాకి అందరూ తమకిష్టమైన పాత్ర వేషంలో వస్తారని, నన్నూ ఏదో ఒకటి వేసుకోమని అన్నయ్య చెప్పాడు. "మనింట్లో వేషాలు వేయించినవాళ్ళున్నారు గానీ వేసినవాళ్ళు లేరన్నయ్యా" అన్నాను. అయితే మామూలు చొక్కాలో తగలడమన్నాడు. అదీ నచ్చలేదు. అంతటి సభకు మా ఇంటి మర్యాద ప్రకారం వెళ్ళాలని, తాతగారి జరీ కోటు, తలపాగా (రాజధానిలో ఎవరైనా పెద్దవాళ్ళు పిలవొచ్చని నానమ్మ పెట్టెలో సర్దినవి) ధరించి మెట్రో ఎక్కాను. పెళ్ళి ఎక్కడ బేటా అని ఒక అంకుల్ అడిగాడు. తలపాగా సర్దుకుని తలుపు వైపు తిరిగాను.

గేటు దగ్గర నీలం విగ్గు పెట్టుకున్న వాలంటీరు అమ్మాయి నాది ఏ పాత్ర అని అడిగింది. పాత్ర కాదు, మా తాతగారి కోటు అని నాకొచ్చిన హిందీలో గంభీరంగా చెప్పాను. ఆవిడ మురిసిపోయింది. వేషం కట్టినవాళ్ళు చివరిదాకా ఆ పాత్రలాగే మాట్లాడటం అక్కడి ఆచారమట. నేను బిగుసుకున్నకొద్దీ ఆవిడకు ముచ్చటేసి, నా జరీ మీద నంబరు కాగితం అంటించి వేషాల పోటీ వరసలో నిలబెట్టింది. కోపంగా వెళ్ళిపోబోతుంటే అసలు సంగతి చెప్పింది: గేముకు మామూలు వరస మూసేశారు, ఇక ఆడేది పోటీ గెలిచినవాళ్ళు, వాళ్ళు తమకు జోడీగా పిలుచుకునే ఇంకొకరు మాత్రమేనట. వంశమా, గేమా? వేషం కాదని స్టేజీ మీద నిజమే చెబుతాను కనుక వంశానికి వచ్చిన లోటేమీ లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నిజమే చెప్పాను. హాలంతా చప్పట్లు. న్యాయనిర్ణేత నా చుట్టూ ఒకసారి తిరిగి, కోటుకు చిమ్మెటలు కొట్టిన చిల్లులు కూడా ఎంత శ్రద్ధగా పెట్టానో అని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, "లేకిన్ యార్, రాజా థోడా ఓవర్ హో గయా. నేచురల్ నహీ లగా" అన్నాడు. రాజసం కాస్త ఎక్కువైందట, సహజంగా లేదట. అసలైన జమీందారు మనవణ్ణి ఆ వేషానికే పనికిరానని తేల్చేసి, మొదటి బహుమతి అట్టముక్కల కవచం తొడుక్కున్న అమ్మాయికి ఇచ్చారు.

స్టేజీ పక్కన నిలబడి తెలుగులో నాలో నేను గొణుక్కుంటుంటే ఆ కవచమే నా ముందుకొచ్చి ఆగింది. వరంగల్ అమ్మాయట, లక్ష్మీ నగర్‌లో సీఏ కోచింగట.

"గేమ్ ఆడొస్తదా మీకు?"

తల ఊపాను.

"అయితే రండి. గా కోటు తీసెయ్యండి, చేతులు ఆడయి. మీ రాజ్యం మా ఫ్రెండు పట్టుకుంటది తీ."

అంతమంది ముందు కోటు విప్పడం మా వంశంలో అదే మొదటిసారి అయ్యుంటుంది. తలపాగా కూడా తీశాను. లోపల పెద్ద పెద్ద కళ్ళ అనిమే బొమ్మ టీషర్టు (చలికి వేసుకున్నానని చెప్పాను, ఆవిడ నమ్మలేదు). ఆటలో దిగిన వెంటనే తప్పు మీట నొక్కి, కొండ అంచు నుంచి పడి చచ్చాను. కవచం చిరిగేలా నవ్విందావిడ. నేనూ నవ్వాను.

ఇప్పుడు గుర్గావ్‌లో ఉద్యోగం. ఆ గేమును ఇంట్లో చివరిదాకా ఎన్నోసార్లు గెలిచాను గానీ, ఆనాటి చావులో ఉన్న సుఖం మళ్ళీ దొరకలేదు. స్టేజీ మీద బిగుసుకుని నిలబడ్డ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. టీషర్టుతో కొండ మీంచి పడ్డవాణ్ణి చూస్తే మాత్రం కాస్త అసూయ. ఆ కాసేపు వాడు ఎవరి మనవడూ కాడు.