ఎదురింటి ఏడు తరాలు

పెనుకొండలో సంజీవప్ప పొద్దున్నే మీసం దువ్వుకుని అరుగు మీద కూర్చునేవాడు. ఎదురింటి రామలింగడు వయసులో అతనికన్నా బాగా చిన్న. వంశాలు చెప్పే పిచ్చుకుంట్ల వీరన్న ఏటా వచ్చి రామలింగడి పెద్దల పేర్లు ఏడు తరాల దాకా పాడుతుంటే, సంజీవప్ప తువ్వాలు కొస మెలిపెట్టేవాడు. అతనికి తెలిసింది తాత పేరు వరకే. "వానికి అంతమంది పెద్దలు, నాకు ఒక్కడా?" అని భార్య నారసమ్మ దగ్గర కుళ్ళుకునేవాడు. నలభై ఒకటిలో జనాభా లెక్కలకు గుమాస్తా వస్తే, "మా ముత్తాత పేరు మీ పాత లెక్కల్లో ఉండాదేమో చూడప్పా" అని బతిమాలాడు. "పేర్లు నిలిపేది మా పని కాదప్పా, తలలు లెక్కబెట్టేదే" అని ఆయన వెళ్లిపోయాడు.

చివరికి సంజీవప్ప వీరన్ననే ఇంటికి పిలిచి, చేటెడు రాగులు పోసి, తన తాత పేరు చెప్పాడు. వీరన్న కళ్లు మూసుకుని పేర్లు గొణుక్కుంటూ పోయి, ఒకచోట ఆగి నవ్వాడు.

"మీ ముత్తాతా, ఎదురింటాయన తాతా అన్నదమ్ములప్పా. ఆ పెద్దలంతా నీవాళ్లే."

సంజీవప్ప ముఖం వెలిగిపోయింది. "అట్లయితే రామలింగడు నాకేమైతాడు?"

"వరసకు చిన్నాయన. కనిపిస్తే కాళ్లకు మొక్కాల."

నారసమ్మ నవ్వాపుకోలేక లోపలికి పోయింది. మరునాటి నుంచి సంజీవప్ప పెరటి గోడ దూకి చేనుకు పోసాగాడు.