"నిద్రించెను" అని రాయమంటే

కరోనాకు ముందు సంవత్సరం. గోదావరిఖనిలో నాది గ్రానైట్ మీద పేర్లు చెక్కే షాపు. ఇళ్ల నేమ్‌ప్లేట్ల నుంచి సమాధి రాళ్ల దాకా అన్నీ చేస్తాం. ముందు రాతి మీద స్టెన్సిల్, అంటే అక్షరాలు కత్తిరించిన రబ్బరు షీటు, అతికిస్తాం. తర్వాత శాండ్ బ్లాస్టింగ్. గాలి ఒత్తిడితో ఇసుక కొడితే షీటు లేనిచోట రాయి తొలుచుకుపోతుంది. తొలిచిన అక్షరాన్ని మళ్లీ పూడ్చలేం. జనం రాసి తెచ్చే చీటీల్లో తప్పులు నేనే దిద్దేవాణ్ని. ఆ విషయంలో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

సెంటినరీ కాలనీ నుంచి మరియమ్మ అక్క వచ్చింది. ఆమె భర్త గనిలో పంపు ఆపరేటర్. డ్యూటీలోనే గుండె ఆగి పోయాడు. చీటీలో ఆయన పేరు కింద "విధి నిర్వహణలో ఉండగా ప్రభువునందు నిద్రించెను" అని ఉంది. క్రైస్తవుల సమాధి రాయి చెయ్యడం నాకు అదే మొదటిసారి.

నాకు మా నాన్న గుర్తొచ్చాడు. గనిలో డ్యూటీ మీద నిద్రపోతూ దొరికితే చార్జిషీటు ఇస్తారు, అంటే సంజాయిషీ నోటీసు. నాన్న ఒకసారి అలా దొరికి చాలా రోజులు తల దించుకుని తిరిగాడు. పోయిన మనిషికి ఆ మాట ఎందుకని "మరణించెను" అని చెక్కేశాను. ఆమెను అడగాలని కూడా తోచలేదు.

మేస్త్రీ రాయిని సమాధి మీద బిగించి గుడ్డ కప్పాడు. సమాధి దగ్గర ప్రార్థన జరిగిన రోజు గుడ్డ తీశాకే ఆమె చూసింది. మర్నాడు పొద్దున షాపుకొచ్చింది.

"తమ్మీ, నేను రాసిచ్చిన మాట గిది కాదు గదా."

"డ్యూటీల నిద్రించెను అంటే జనం తప్పు పడతరక్కా. బావ ఇజ్జత్ పోతదని మార్చిన."

ఆమె కోప్పడలేదు. తిట్టినా బాగుండేది.

"మా దాంట్ల సచ్చిపోయిండు అనం తమ్మీ, పండుకున్నడు అంటం. పండుకున్నోన్ని ప్రభువు లేపుతడు. నేను గా మాట పట్టుకొనే బతుకుతున్న."

కొత్త రాయి చేసిస్తానన్నాను.

"సిమెంటుల బిగిసింది గదా. తియ్యాలంటే సుత్తెతోని కొట్టాలె. ఆయన మీద దెబ్బలు పడనియ్య. ఉండనీ."

ఇప్పుడు చీటీలో ప్రతి మాటా పైకి చదివి, ఇది మీ వాళ్లలో ఎందుకు రాస్తారని అడిగాకే స్టెన్సిల్ కత్తిరిస్తున్నాను. స్పెల్లింగు తెలిస్తే మాట తెలిసినట్టే అనుకున్నాను. ఎంత పొరపాటు.

మరియమ్మ అక్క ఇప్పటికీ ప్రతి ఆదివారం అక్కడికి వెళ్తుందట. మళ్లీ లేస్తాడని నమ్మి వెళ్లే మనిషి చేత, చనిపోయాడన్న మాట వారం వారం చదివిస్తున్నది నేనే.