గాలి ఫోటో

మా ఫోటో దుకాణాల్లో ఒక విద్య ఉండేది. జాతరకు కెమెరా తీసుకుపోతే జనం మూగి "నాదొకటి తియ్యి, నాదొకటి తియ్యి" అని మీద పడేవారు. రీలులో ఉన్నవి ఎనిమిదే బొమ్మలు. కుదరదంటే తన్నేటట్టుండేవారు. అందుకని రీలు అయిపోయాక కూడా ఖాళీ కెమెరా పట్టుకుని, "కదలకు, జర నవ్వు" అని చెప్పి మీట నొక్కేవాళ్లం. టిక్కుమనేది. వాళ్లు సంతోషంగా వెళ్లిపోయేవారు. మా ఉస్తాదు దీనికి గాలి ఫోటో అని పేరు పెట్టాడు. "పాపం ఏం లేదు బేటా, ఖుషీ చేసి పంపుడే. రేపటికి వాళ్లకు యాది గూడ ఉండది" అనేవాడు. నేను నమ్మాను. మనకు పనికొచ్చే మాటను నమ్మడానికి ఎంతసేపు పడుతుంది?

ఉస్తాదు దుకాణం లక్సెట్టిపేటలో బస్సులు ఆగే చోటుకు ఎదురుగా ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి మూడు నాలుగేళ్లయిన రోజులవి. నాది చెన్నూరు. బాపు మగ్గం నేసేవాడు. పద్దెనిమిదేళ్లదాకా నేనూ ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నవాణ్ణే. అక్కడ కూర్చున్నవాడికి ఎదురుగా రెండు గజాల పోగు తప్ప లోకం కనిపించదు. దూరంగా చూడాలన్న పిచ్చి నాకు అందుకే పట్టిందేమో. ఉస్తాదు దగ్గర పనికి చేరాక దుకాణానికి సెలవు దొరికితే చాలు, ఉస్తాదు పాత మడత కెమెరా అడుక్కుని ఒక్కణ్ణే బయలుదేరేవాణ్ణి. గోదావరి ఒడ్డుకో, గుట్టల్లోకో. మనుషులు లేని ఫోటోలు తెచ్చేవాణ్ణి. ఉస్తాదు వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "మంచిగనే ఉన్నది, గానీ గీ బొమ్మల మనిషేడి?" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. రోజంతా మనుషులనే కదా కుర్చీలో కూర్చోబెట్టి తీస్తున్నాం, ఇంకా ఎక్కడి మనిషి?

ఒక శ్రావణంలో కుంటాల జలపాతం తీయాలని పోయాను. వానాకాలంలో అక్కడికి ఎవరూ పోరు. అందుకే పోవాలనిపించింది. ఖానాపూర్ దాకా ఒక బస్సు, నిర్మల్‌కు ఇంకో బస్సు, ఆదిలాబాద్ సడక్ మీద నేరడిగొండలో దిగి ఇక నడక. బురదలో చెప్పులు తెగిపోతే వాటిని సంచిలో వేసుకుని నడిచాను. నీళ్ల చప్పుడు వినబడుతోంది గానీ దారి తెగడం లేదు. అప్పుడు ఒక గోండు మనిషి ఎదురయ్యాడు. నాకంటే పదేళ్లు పెద్దవాడై ఉంటాడు. తలకు పాగాలా చుట్టిన పొడుగాటి రుమాలు, భుజాన గొడ్డలి.

"యాడికి దొరా?" అన్నాడు.

నన్ను దొరా అన్నవాడు అప్పటిదాకా లేడు. మగ్గం నేసే సాలోళ్ల పిలగాణ్ణి. వద్దని చెప్పాల్సింది. చెప్పలేదు, ఆ పిలుపు బాగుంది.

అతడు దారి చూపగా పోయి జలపాతం మీద నిలబడ్డాక నాకు తెలిసింది, కింద నుంచి తీస్తే తుంపర అద్దం మీద పడుతుంది, పై నుంచి తీస్తే బండ అంచుదాకా పోవాలి. బండంతా పాకుడు. అతడు నన్ను ఒక చూపు చూసి, తల రుమాలు విప్పి నా నడుముకు కట్టాడు. రెండో కొస తన మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్నాడు. బండ పగులులో కాలు తన్నిపెట్టి కూర్చుని, "ఇగ పో దొరా, నేనున్న" అన్నాడు. నేను అంచు మీదికి వంగాను. ఒక్కసారి కాలు జారింది. నడుము దగ్గర రుమాలు కోసుకుపోయినట్టు బిగిసింది. వెనక అతని మోకాలు బండకు రాసుకుని తోలు లేచిపోయింది. నొప్పి పుట్టిందా అని నేను అడగలేదు. ఎనిమిది బొమ్మలూ తీశాను. ఎనిమిదీ నీళ్లవే.

కెమెరా మూస్తుంటే మొహమాటంగా నవ్వాడు.

"దొరా, నాదొక్కటి తియ్యరాదు? మా అన్న జరమొచ్చి సచ్చిపోయి రెండేండ్లాయె. ఇప్పుడు ఆని మొఖం నాకు యాదికొస్తలేదు. నా పోరగాండ్లకన్న నా మొఖం ఉండాలె."

కెమెరా వెనక బొమ్మల లెక్క చూపే ఎర్ర కిటికీలో ఎనిమిది అంకె కూడా దాటిపోయింది. రీలు అయిపోయింది దాదా అంటే సరిపోయేది. ఆ ఒక్క మాట ఎందుకు అనలేకపోయానో ఇప్పటికీ తెలియదు. కాదు, తెలుసు. నా ప్రాణం నిలబెట్టినవాడి కోసం ఒక్క బొమ్మ కూడా మిగల్చలేదని చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు దాచుకోవడానికి అలవాటైన చేతులు అలవాటైన పని చేశాయి. "గట్లనే నిలబడు దాదా, కదలకు" అన్నాను. అతడు నా నడుముకు కట్టిన రుమాలు విప్పి, తడి పిండి, మళ్లీ తలకు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. టిక్కుమంది.

"ఎన్నడిస్తవు?"

"లక్సెట్టిపేటకు రా. బస్సు దిగంగనే మా దుకాణమే."

అంత దూరం ఎవరొస్తారులే అనుకుని చెప్పిన మాట అది.

ఎనిమిదింటిలో ఒకటి అద్భుతంగా వచ్చింది. నేనే అంటున్నాను, ఎవరేమనుకున్నా సరే. నీళ్లు అంచు మీద ఒక్క క్షణం ఆగి దూకుతున్నట్టుంటుంది. మనిషి లేడని సణిగే ఉస్తాదు కూడా ఆ ఒక్కదాన్ని పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి, దుకాణంలో ఎదురు గోడకు తగిలించాడు. వచ్చినవాళ్లంతా దాని ముందు నిలబడేవారు. నేను కథ చెప్పేవాణ్ణి. పులులు తిరిగే అడవి, తెగిన చెప్పులు, పాకుడు బండ, జారిన కాలు. చెప్పినకొద్దీ కథ నున్నగా అయింది. అందులోంచి రుమాలు ఎప్పుడు జారిపోయిందో నేను గమనించలేదు.

పంటలు ఇంటికొచ్చే రోజుల్లో ఒక పగలు, బడి పంతులొకాయన ఫోటో దిగడానికి వచ్చి ఆ బొమ్మ చూశాడు.

"అంత అడవిల, అంత వానల, ఒక్కనివే పోయినవా?"

"ఒక్కణ్ణే సార్" అన్నాను.

గడపలో ఎవరో నిలబడ్డట్టు వెలుతురు తగ్గింది. తిరిగి చూశాను. అతడే. ఉతికిన ధోతి, అదే రుమాలు. వెనక భార్య, కొత్త చీరలో. గడప దాటాలా వద్దా అని కాళ్లు తడబడుతున్నాయి.

"దొరా, నా మొఖం తీస్కపోను వచ్చిన. ఈమె గూడ చూస్తనన్నది."

ఇంటి దగ్గర బయలుదేరి మూడో రోజట. దారి అడుక్కుంటూ వచ్చారు. పంతులు చూస్తున్నాడు, ఉస్తాదు చూస్తున్నాడు.

"ఆ రీలు ఖరాబైంది దాదా. ఏం రాలే" అన్నాను.

అతడు తల ఊపాడు. ఖరాబు కావడం అతనికి కొత్త కాదు, పంటలు కావా, పశువులు కావా. భార్యకు తమ భాషలో చెప్పాడు. ఆమె వినడం లేదు, గోడకేసి చూస్తోంది. వేలు చూపించి ఏదో అంది. అప్పుడు అతడు కూడా చూశాడు. దగ్గరికి పోయాడు. చాలాసేపు చూసి, సంతోషంగానే అన్నాడు, "గిది మా నీళ్లే గదా!"

తర్వాత ఫ్రేము కింద, బొమ్మ అయిపోయిన చోట, ఖాళీ గోడ మీద వేలు పెట్టాడు.

"నేను గీడ కూసుంటి. నీళ్లు వచ్చినయి, నేనెట్ల రాకపోతి?"

దెప్పుతున్నాడా అంటే లేదు. నిజంగానే అడుగుతున్నాడు. తెలిసినవాణ్ణి కదా, చెబుతానని చూస్తున్నాడు. అతను దెప్పినా బాగుండేది.

ఉస్తాదు లేచి పరదా సర్దాడు. కొలను, హంసలు, మేడ మెట్లు రంగుల్లో రాసిన పరదా అది. "కూసో దాదా, ఇప్పుడే తీస్తం, ఇద్దరిదీ తీస్తం" అన్నాడు. ఆయన గొంతు నేను ఎప్పుడూ అంత చిన్నగా వినలేదు. అతడు ఆ హంసలను చూసి, భార్యను చూసి, అడ్డంగా తలూపాడు.

"వద్దు దొరా. గీడ తీస్తే మా పోరగాండ్లు నన్ను గుర్తువట్టరు. మల్ల వస్తవు గదా మా దిక్కు. అప్పుడు తియ్యి."

వస్తానన్నాను. వాళ్లు దిగిన చోటే బస్సు కోసం నిలబడ్డారు. పరదా ముందు కూర్చున్న పంతులు ఫోటో ఆ రోజు రెండుసార్లు తీయాల్సి వచ్చింది, మొదటిసారి కెమెరా మూత తీయడం మరిచిపోయి.

పోయానా? పోలేదు. పెళ్లి ఫోటోలకని ఖానాపూర్ దాకా రెండుసార్లు పోయాను. అక్కడి నుంచి ముందుకు కాలు సాగలేదు. వాన ఉంది, పనుంది, బస్సు లేదు. నెపాలకేం, ఎన్నయినా ఉంటాయి. అతడు ఏ సంవత్సరం దాకా నా కోసం చూశాడో నాకు తెలియదు. అతని పిల్లలకు అతని ముఖం ఉందో లేదో తెలియదు. నాకు మాత్రం ఉంది, తడి రుమాలు చుట్టుకుని ఊపిరి బిగబట్టిన ముఖం. ఎవరికీ చూపించలేను.

ఉస్తాదు పోయాక ఆ బొమ్మ మా ఇంటి గోడకు వచ్చింది. ఇప్పటికీ వచ్చినవాళ్లు చూసి, ఒక్కడివే పోయినవా అంటారు. ఒక్కణ్ణే అంటాను. ఇద్దరమని చెబితే, రెండోవాడి ఫోటో ఏదని అడుగుతారు.