మందు తీసుకుపోవడానికి వచ్చిన మనిషి

1936 నాటికి నేను బద్వేలు ఆసుపత్రిలో మూడేళ్లుగా నర్సుగా ఉన్నాను. డాక్టరు గారు, ఒక కాంపౌండరు, నేను, రెండు చిన్న వార్డులు. అంతే మా బలగం. ప్రతి సోమవారం మస్తానప్ప అనే దూదేకులాయన తన భార్య హుస్సేనమ్మకు మందు తీసుకుపోవడానికి వచ్చేవాడు. ఆమెది క్రానిక్ రుమాటిజం. క్రానిక్ అంటే ఏళ్ల తరబడి వదలనిది. కీళ్లు వాచి, వేళ్లు వంకర తిరిగాయి. మా మిక్స్చరు నొప్పిని కాస్త తగ్గించేదే గాని వేళ్లను తిన్నగా చేసేది కాదు.

వాళ్లకు పిల్లలు లేరు. మూడేళ్లుగా ఆమెను లేపడం, తల దువ్వడం, ముద్ద కలిపి తినిపించడం అన్నీ ఆయనే. విల్లు భుజాన వేసుకుని ఊరూరా పరుపుల దూది ఏకిన మనిషి, ఇంటికి తెచ్చిచ్చిన పని మాత్రం చేసుకుంటూ ఉండిపోయాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది. అన్నాళ్లూ నేను అడిగింది ఆమె సంగతే.

ఒక సోమవారం ఆయన ఎడమ చేత్తో సీసా అందించాడు. కుడి చేతి మీద తువ్వాలు కప్పుకున్నాడు.

"ఆ చెయ్యి చూపించప్పా" అన్నాను.

"ఏం లేదు నర్సమ్మా. గంజి వారుస్తాంటే ఒలికింది."

తువ్వాలు తీస్తే వాసన కొట్టింది. కాలి ఐదారు రోజులైనట్టుంది. సెప్టిక్ అయింది, అంటే చీము పట్టి లోపలికి పాకుతోంది. కోసి చీము తీయాలనీ, వారం రోజులు వార్డులో ఉండకపోతే చూపుడు వేలు దక్కదనీ డాక్టరు గారు చెప్పారు.

"పోతే పోనీ సారూ. నేనీడ పండుకుంటే ఆమెనెవురు లేపుతారు?" అని ఆయన లేచాడు.

ఆయన్ని బలవంతాన బెంచీ మీద కూర్చోబెట్టి, నేనే వాళ్ల ఇంటికి నడిచాను. హుస్సేనమ్మ గోడకు ఆనుకుని ఉంది. చెయ్యి కాలిన సంగతి ఆమెకు తెలియదు. విల్లు నారి తెగి తగిలిందని చెప్పాడట.

"నాకు కీళ్లు పోయినాయి గాని కండ్లు పోలేదమ్మా. మనిషి సగమైనాడు. ఎవురినన్నా సాయం పిలుచ్చుకుందామంటే వినడు. నన్ను గూడా ఆసుపత్రిలో ఏసుకో. అప్పుడు యాడికీ పోడు."

ఆ ఆలోచన నాకు తట్టలేదు. బండి కట్టించి ఆమెను తీసుకొచ్చి ఆడవాళ్ల వార్డులో పడుకోబెట్టాం. ఆయనకు చీము తీశాక రోజూ ఫోమెంటేషన్, అంటే వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డతో కాపడం, ఆపైన డ్రెస్సింగ్. ఆమెకు అన్నం నేనే తినిపించాను. మూడో రోజు పనుల్లో పడి ఆలస్యం చేశాను. వెళ్లేసరికి ఆమె పక్క మంచం ఆవిడ చేత చెంచా కాడకు పాతగుడ్డ లావుగా చుట్టించుకుంది. వేళ్లు ముడుచుకోకపోయినా అంత లావు కాడ చేతిలో నిలిచింది. సగం ఒలికింది, సగం నోట్లోకి పోయింది. మర్నాడు తక్కువ ఒలికింది.

ఐదో రోజు మస్తానప్ప గుమ్మంలో నిలబడి అది చూశాడు. సంతోషిస్తాడనుకున్నాను. మొహం చిన్నబోయింది.

"అయితే ఇంక నాతో పని లేదు" అన్నాడు.

"శానా ఉండాది" అంది ఆమె, చెంచా దించకుండా. "లేపేది, కూసోబెట్టేది నువ్వే గదా. బువ్వ మాత్రం నేను తింటా. నువ్వు ఊర్ల మీదికి పోయి దూది ఏకిరా. యాడ వాన పడిందో, ఎవురింట్లో ఏం జరుగుతాండాదో వచ్చి నాకు చెప్పు. మూడేండ్లుగా ఇద్దరం నా మందు గురించి తప్ప ఏం మాట్లాడుకున్న్యాం?"

ఆయన మంచం పక్కన నేల మీద కూర్చుని, కట్టు కట్టిన చేతిని చాలాసేపు చూసుకున్నాడు.

"ఊర్ల మీద తిరిగేది మర్సిపోయినానేమో" అన్నాడు.

వేలు కొంచెం బిగుసుకుపోయినా దక్కింది. పొరుగింటి మరియమ్మ వారానికి రెండు రోజులు హుస్సేనమ్మను కనిపెట్టుకుని ఉండటానికి ఒప్పుకుంది. ఆ రెండు రోజులూ ఆయన పోరుమామిళ్ల వైపు పల్లెలకు వెళ్లి వచ్చేవాడు. హుస్సేనమ్మ జబ్బు నయం కాలేదు. నేను బద్వేలులో ఉన్నంత కాలం ఆమె మిక్స్చరు తాగుతూనే ఉంది.

మూడేళ్లు ప్రతి సోమవారం నా ఎదుట నిలబడిన మనిషిని నేను సీసా తెచ్చే చెయ్యిగానే చూశాను. ఆ తర్వాత నా పద్ధతి మారింది. దీర్ఘరోగికి మందు కోసం ఎవరొచ్చినా, ముందు వాళ్లను కూర్చోబెట్టి "నీ సంగతి చెప్పు" అంటాను. మొదట అందరూ ఏం లేదనే అంటారు. నేను తొందరపడను. వాళ్లు నోరు విప్పేదాకా ఆగుతాను.